కొట్టుగదిలో భూకంపం

రబ్బానీ సారుతో వచ్చిన చిక్కు ఒక్కటే. ఇంట్లోకి ఏ పరికరం వచ్చినా ఆయన దాని తరఫు మనిషైపోతారు. థర్మామీటరు కొన్న వారంలో ఆరోగ్యంగా ఉన్నవాళ్లనందరినీ మంచం ఎక్కించారు. హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైన ఆయనను భార్య ఫిరోజా రోజూ కొంచెం కొంచెంగా క్షమిస్తూ వస్తోంది.

ఆ ఉదయం ఫిరోజా అనుకున్నది చిన్న పనే. మేడమీద కుట్టు నేర్పే గది కట్టడానికి మేస్త్రీ హబీబ్ వస్తాడు, గోడ లేస్తుంది. వసారాలో ఆడపిల్లలు ఒకరి మోకాళ్లకు ఒకరు తగులుతూ గుడ్డ కత్తిరించే బాధ తీరుతుంది. హబీబ్ దొరకడమే కష్టం. ఇవాళ పని మొదలు కాకపోతే గండికోట దగ్గర లాడ్జి కట్టడానికి వెళ్లిపోతాడు, ఎండాకాలమంతా మళ్లీ కనబడడు.

అయితే అంతకు ముందే మధులత అనే పరిశోధకురాలు బనగానపల్లెలో కొన్ని ఇళ్లలో చిన్న పెట్టెలు పెట్టి వెళ్లింది. కర్నూలు, కడప వైపు భూకంపం వస్తే ఎక్కడి నేల ఎంత అదురుతుందో లెక్క కట్టడం ఆమె పని. నేల కదిలితే పెట్టె మీది తెరలో గీత లేస్తుంది. "గట్టి నేల మీద, మనుషులు తిరగని తావులో పెట్టండి సార్" అని మరీ చెప్పింది. సారు కొట్టుగదిలోని పెద్ద రాతిబండను ఎంచుకున్నారు. ఇక ఆ గదిలోకి ఆయన తప్ప ఎవరూ అడుగుపెట్టకూడదు. కుట్టుమిషను బంద్. రోలు బంద్. తల్లి లాల్ బీ దగ్గినా "మెల్లగమ్మా!" అనేవారు.

హబీబ్ వాకిట్లో సామాను దించుతుండగా సారు కొట్టుగదిలోంచి పరుగున వచ్చారు.

"ఆపు హబీబూ! నేను పోయి చూసినప్పుడల్లా గీత ఎగురుతాండాది. ఈ ఇంటి మీద ఇంగొక్క ఇటుక పెట్టేకి ల్యా!"

"మాకేం అదురు తెలీలేదే సార్."

"మనిషికి తెలీదప్పా. మిషనుకు తెలుస్తాది."

"మీరు చూడనప్పుడు ఎగరదా?" అంది ఫిరోజా.

"చూడనప్పుడు ఎగిరింది లేంది ఎట్ల చూస్తారే?"

ఫిరోజా టీ గిన్నె కోసం వంటింట్లోకి నడిచింది. సారు అదే గెలుపనుకుని వార్డు వాట్సాప్ గ్రూపులో గొంతు వినిపించారు: "కంగారు పడొద్దు. జాగ్రత్తగా ఉండండి." జనం రెండో ముక్కే విన్నారు. ఎదురింటి సోమక్క ముందు టీవీని వీధిలోకి తెచ్చింది, తర్వాత మిక్సీని, ఆఖర్న గుర్తొచ్చి భర్తను. చూస్తుండగానే వీధి పొడవునా మంచాలు పడ్డాయి. లాల్ బీని కూడా ఒక మంచం మీద కూర్చోబెట్టారు.

ఆలూరు నుంచి ఫిరోజా చెల్లెలు శిరీన్ ఫోన్ చేసింది. "అక్కా, మీ వీధి కుంగిపోయిందంట గదా! నువ్వు యాడుండావు?"

"కుంగిన వీధిలోనే. టీ పెడతాండా."

బనగానపల్లె తోటలు భూమిలో కలిశాయన్న కబురు మధ్యాహ్నానికి కడప చేరి, అక్కడ మామిడిపండ్ల ధర లేచింది.

హబీబ్ సంచి భుజానేసుకున్నాడు. "పోయొస్తా అక్కా. ఆ కోట శానా కాలం నుంచి నిలబడే ఉండాది. ఈడ సారు గోడనే లేవనీడు."

"టీ తాగి పోప్పా" అని ఫిరోజా అతన్ని కూర్చోబెట్టి, మధులతకు ఫోన్ చేసింది. ఆమె వచ్చేసరికి హబీబ్ బలవంతంగా ఇంకో టీ కూడా తాగాడు.

మంచాల మధ్య దారి చేసుకుంటూ వచ్చిన మధులత అంది: "మిగతా ఇండ్లలో ఏమీ ల్యా సార్. మీ ఒక్కరింట్లోనే వస్తాండాది భూకంపం. ఏదీ, మీరు లోపలికి నడవండి."

సారు అడుగేశారు. గీత ఎగిరింది. ఆగారు. గీత పడుకుంది. ఇంకో అడుగేశారు. కిటికీకి వేలాడుతున్న వీధి మొత్తం "ఆఁ!" అంది. మధులత వంగి బండ మీద పిడికిలితో కొట్టింది. అది డోలులా మోగింది.

"అది జొన్నల పాతర మూత గదరా!" మంచం మీద నుంచి అరిచింది లాల్ బీ. "మీ తాత గింజలు పోసేకి తవ్విచ్చినాడు. కింద అంతా డొల్ల."

"ముందే చెప్పకూడదా మా?"

"చెబుదామని నోరు తెరిస్తే దగ్గద్దంటివి."

మధులత పెట్టెను పెరట్లో, నేలలోంచి పొడుచుకొచ్చిన రాతి మీదికి మార్చింది. గీత పడుకుంది. "మీ పునాది ఈ రాతి మీదనే ఉండాది సార్. నల్లరేగడి మీద ఉండే ఇండ్లతో చూస్తే ఈడ అదురు తక్కువే. ఇనుప కమ్మీలు సరిగ్గా కట్టిచ్చి గది లేపుకోండి."

హబీబ్ మాత్రం సంచి దించలేదు. "సారు నోటితో చెప్పాల. రేపు నేను గోడ మీద ఉన్నప్పుడు మళ్ల గీత లేచిందంటే?"

"పరిశోధన అన్నాక ఇట్లాంటివి..." సారు గొంతు సవరించుకున్నారు.

"గండికోటకు పొద్దుపోతాది సార్."

సారు వీధి వైపు చూశారు, మంచాల వైపు చూశారు, ఫిరోజా వైపు మాత్రం చూడలేదు. "నేను చెప్పింది తప్పు. అదిరిచ్చింది భూమి కాదు, నేనే."

ఆ మాటకు హబీబ్ సంచి దించాడు. పెట్టెలో గీత కదల్లేదు. పెళ్లయిన నాటి నుంచీ అలాంటిది వినివుండకపోవడం వల్ల ఫిరోజా మాత్రం కొంచెం అదిరింది.