చుట్టాలకు మాత్రమే పరిచే గుడ్డ

వార్డు కార్యాలయం టేబుల్ క్లాత్‌ను ఇంటి పెద్దగా గుర్తించేనాటికి, తణుకులో గ్రంధి నాగలింగం చేతిలో ఉన్నవి ఒక బెల్లం దుకాణం, ఒక టేకు డైనింగ్ టేబుల్, నేల మీద కూర్చోలేని తల్లి.

విచారణకు వచ్చిన గుమాస్తా తప్పేమీ లేదు. ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందని అడిగాడు. నాగలింగం భార్య రత్నావళి టేబుల్ క్లాత్‌ను చూపించింది. దాని మీద మరక పడకూడదని ప్లాస్టిక్ షీటు, షీటు మీద వేడి గిన్నె పెట్టకూడదని దినపత్రిక, పత్రిక నలగకూడదని ఇంటిల్లిపాదికీ నేల మీద భోజనం. ఇంత అదుపులో పెట్టే పెద్ద వార్డులో మరొకరు లేరని గుమాస్తా రాసుకున్నాడు.

చిక్కు తల్లి వాసవమ్మ మోకాళ్ళ దగ్గర వచ్చింది.

"ఒరే లింగం, గుర్రంలా నిలబడి తింటున్నాన్రా. ఆ కుర్చీలో కూర్చోనివ్వు."

"నాదేముందే అమ్మా? పెద్దాయన ఒప్పుకోవాలి," అన్నాడు నాగలింగం టేబుల్ క్లాత్ వైపు చూపిస్తూ.

నాగలింగం కార్యాలయానికి వెళ్ళాడు.

"ఆ గుడ్డ ఎవరి కోసం కొన్నారండీ?" అన్నాడు గుమాస్తా.

"చుట్టాలొస్తే పరుద్దామనండి."

"అయితే అమ్మగార్ని చుట్టంగా రమ్మనండి. ఇంట్లోవాళ్ళకి వీలుపడదు."

ఖర్చులేని బేరమని నాగలింగం ఒప్పుకున్నాడు. కార్యాలయంలో ఇంటి మనుషుల జాబితాలోంచి వాసవమ్మ పేరు తీసేశారు. ఆవిడ వీధిలోకి వెళ్ళి కాలింగ్ బెల్ నొక్కింది.

"రండి పిన్నిగారూ! ఎండన పడొచ్చారు," అంటూ రత్నావళి మజ్జిగ ఇచ్చి, ప్లాస్టిక్ తీసి, కుర్చీ జరిపింది. పప్పులోకి నెయ్యి రెండోసారీ పడింది. "మొహమాటపడకండి, ఇంకాస్త."

"చాలమ్మాయ్. ఈ ఇంట్లో నన్నిలా అడగడం ఇదే మొదలు," అంది వాసవమ్మ.

తిన్నాక తాంబూలమిచ్చి సాగనంపారు. చుట్టం కాబట్టి వాసవమ్మ రాత్రి భోజనం దాకా వీధరుగు మీద కూర్చుంది.

నేల మీద చారన్నం కలుపుకుంటూ నాగలింగం ఇదంతా బేరీజు వేసుకుని, తన పేరూ తీయించుకున్నాడు. రత్నావళి కూడా అడిగింది గానీ కుదరలేదు. వడ్డించడానికి ఒక మనిషి ఇంట్లో ఉండాలన్నారు.

"వాన పడేలా ఉందిరా," అంది వాసవమ్మ, అరుగు మీద పక్కన చేరిన కొడుకుతో.

"పడనీవే. పొద్దున టిఫిన్‌కి పిలిచారుగా."

ఇల్లు పోయింది. కుర్చీ, నెయ్యి, మర్యాద వచ్చాయి. నాగలింగం దాన్ని లాభంలోనే వేసుకున్నాడు.