యూకేజీ తాళం

ఆ ఉదయం దేవిక అనుకున్న పని చాలా చిన్నది. పదకొండు గంటలకు స్కూలు కరస్పాండెంట్ జనార్దన్ కోదాడ నుంచి మిర్యాలగూడ బ్రాంచికి వస్తాడు. యూకేజీ పిల్లలు ఆయన ముందు రెండు నిమిషాలపాటు వేగం పెంచకుండా, తగ్గించకుండా చప్పట్లు కొడతారు. మూడు నెలలుగా ట్రయల్ మీదున్న తన మ్యూజిక్ టీచరు ఉద్యోగం పర్మనెంటవుతుంది. పిల్లలు తప్పితే మాత్రం ఆ పీరియడ్ ఎక్కాలకిచ్చేస్తానని ఆయన ముందే చెప్పాడు.

పిల్లల గురించి ఆమెకు బెంగ లేదు. ఐదేళ్లవాళ్లను ఒక్క తాళం మీద నిలబెట్టడం ఎంత కష్టమో, అది తనెలా సాధించిందో స్టాఫ్‌రూములో ఇప్పటికి నాలుగుసార్లు చెప్పింది.

తొమ్మిదిన్నరకు చివరి రిహార్సల్ పెట్టింది. "ఒకటి, రెండు, మూడు, నాలుగు... కొట్టండి!" అంది. ముప్పై మందీ ముప్పై రకాలుగా కొట్టారు. రేకుల షెడ్డు మీద వాన పడ్డట్టుంది. మళ్లీ కొట్టించింది. ఈసారి మరీ అధ్వానం.

"ఇయ్యాల మిల్లు నడుస్తలేదు కద మేడం! పిల్లలు దేన్ని పట్టుకొని కొడ్తరు?" అంది ఆయా పిచ్చమ్మ, చీపురు పక్కన పెడుతూ.

దేవిక గోడవైపు చూసింది. అవతల రైసుమిల్లు. మూడు నెలలుగా ధడ్, ధడ్ అంటూ కిటికీలు అదరగొట్టిన మిల్లు ఇవాళ చడీచప్పుడు లేకుండా ఉంది. పిల్లలకు తాళం నేర్పింది తను కాదన్నమాట. దేవికకు తల కొట్టేసినట్టయింది. కానీ సిగ్గు తర్వాతైనా పడొచ్చు, ముందు మిల్లు నడవాలి.

పరుగున వెళ్లి మిల్లు ఆపరేటర్‌ను పట్టుకుంది. "మల్సూరన్నా, జర ఓ గంట మిల్లు నడుపవా?"

"ఏమేసి నడపాలె మేడం? గోదాము బియ్యంతోని నిండిందని సేటు వడ్లు దించుకునుడు బంద్ పెట్టిండు. ఉన్న వడ్లు నిన్ననే అయిపోయినయ్."

"ఖాళీగనే తిప్పన్నా. నా నౌకరి పోతది."

మల్సూర్ బిడ్డ కూడా యూకేజీలోనే ఉంది. పదిన్నరకు మిల్లు తిరిగింది. గోడకివతల ముప్పై జతల చేతులు ఒక్కసారిగా దారిలో పడ్డాయి.

ఆ చప్పుడు మరికొందరి చెవిన కూడా పడింది. వడ్ల ట్రాక్టర్లతో మూడు రోజులుగా బైపాస్ దగ్గర పడిగాపులు పడుతున్న రైతులు, "మిల్లు సురువైంది! వడ్లు దించుకుంటున్నరు!" అని ఒకరికొకరు ఫోన్లు చేసుకున్నారు. పావుగంటలో బడి సందులోకి నలభై ట్రాక్టర్లు దిగాయి. ముందుకు పోవడానికి లేదు, వెనక్కి పోవడానికి ఎవరూ ఒప్పుకోలేదు.

సేటు ఉరికొచ్చాడు. "ఎవడ్రా మిల్లు తిప్పింది?"

"యూకేజీ పిల్లల కోసం తిప్పిన సేటూ," అన్నాడు మల్సూర్. ఉన్నమాటే అయినా సేటు నమ్మలేదు. మిల్లు కట్టేయించాడు. "దించుకునేదాంక కదిలేది లేదు" అని రైతులు గేటు ముందు కూర్చున్నారు.

క్లాసులో చప్పట్లు చెదిరిపోవడం, జనార్దన్ లోపల అడుగుపెట్టడం ఒకేసారి జరిగాయి. ఆయన కారు మెయిన్ రోడ్డు మీదే ఆగిపోయింది. ట్రాక్టర్ల మధ్య పక్కకు తిరిగి నడిచొచ్చిన తెల్ల చొక్కా నిండా వడ్ల నూగు. "ఏం తమాష ఇది?" అంటూ టేబుల్ మీద గుద్దాడు. "ఇది బడా? మార్కెట్ యార్డా? నన్ను గీడిదాంక నడిపిస్తరా?"

మాటకో గుద్దు. ఎంత కోపంలో ఉన్నా ఆయన చెయ్యి ఒకే వేగంతో పడుతోంది. పిల్లలు దాన్ని అందుకున్నారు. ఆయన రెండు నిమిషాలు తిట్టాడు, వాళ్లు రెండు నిమిషాలు కొట్టారు. ఒక్క దెబ్బ తప్పలేదు.

ఆయాసం వచ్చి ఆగాక ఆయనకది తట్టింది. "శభాష్! బయట అంత లొల్లి, లోపల నేనింత గరమైతున్నా పోరగాండ్లు తాళం తప్పలే!"

"సార్, అది నా గొప్ప కాదు..." దేవిక నిజం చెప్పబోయింది.

"గంత అణకువ వద్దమ్మా. నౌకరి పర్మనెంట్. ఈ మిల్లు మోతల నీ విద్య ఖరాబైతది. సోమవారం నుంచి సూర్యాపేట కొత్త బ్రాంచికి పో. పొలాల నడుమ ఉంటది. చీమ చిటుక్కుమన్నా వినపడ్తది."

అక్కడ చీమ తప్ప, పిల్లలు పట్టుకొని కొట్టడానికి ఇంకేదీ వినపడదనే దేవిక భయం.