పేషంటును అడగకపోవడంలోని హాయి

పేషంటును అడక్కుండా వైద్యం చేయడం ఎంత గొప్ప దయో ఈ లోకానికి ఇంకా తెలిసిరాలేదు! అసలే కడుపునొప్పితో మెలికలు తిరుగుతున్న మనిషి నెత్తిన నిర్ణయమనే బరువు కూడా పెడతారా ఎవరైనా?

బీదర్ పక్కన చిమ్కోడ్ ఊరి టీచరమ్మ హేబ్సిబానే తీసుకోండి. హైదరాబాదులో అద్దాల మేడలు లేస్తున్న ఏళ్లవి. బీదర్లోనూ ఒక అద్దాల ఆస్పత్రి లేచింది. ఆమెను అక్కడే చేర్చారు. ఏటా అరవై మంది పిల్లల ప్రోగ్రెస్ కార్డుల మీద సంతకాలు పెట్టే చెయ్యి ఆమెది. ఆ చేతికి సెలైన్ గుచ్చి, కాగితాలు మాత్రం భర్త జయానందానికి అందించారు. ఎంత మర్యాద!

జయానందం ఆరు చోట్ల సంతకం గీకాడు. ఏడోచోట అనుమానమొచ్చి, హైదరాబాదులో ప్లాట్లు అమ్మే తమ్ముడు నోయల్‌కు సెల్లు కొట్టాడు. భూమి కాగితాలు తెలిసినవాడికి ఒంటి కాగితాలు తెలియవా?

"పెట్టెయ్యే అన్నా! లేటు జేస్తే రేటు పెరుగుతది!"

హేబ్సిబా మాత్రం ఒకటే పట్టు పట్టింది. "నాకేం జేస్తుండ్రు? జర చెప్పరాదా?"

"నీకెందుకే పరేషాన్? నేనున్న గద!" అన్నాడు జయానందం.

డాక్టరు "చిన్నదేనమ్మా" అన్నాడు. నర్సు "ఊపిరి గట్టిగా పీల్చమ్మా" అంది. చూశారా, ఒక్కరైనా ఆమెను భయపెట్టారా?

అంతా సవ్యంగా ముగిసేదే. కానీ ఆపరేషన్ థియేటర్ తలుపు దగ్గర స్ట్రెచర్ ఆపించి, వాళ్ల చర్చి అబ్బయ్య పాస్టరుగారు చేతులెత్తారు. దేవుడికి ఏదైనా వివరంగా విన్నవించడం వారి అలవాటు.

"ప్రభువా, నీ బిడ్డయైన హేబ్సిబా గర్భసంచి తీసివేయు ఈ గడియలో డాక్టరుగారి చేతులకు తోడైయుండుము..."

హేబ్సిబా కళ్లు తెరిచింది. చుట్టూ ఉన్నవాళ్లంతా "ఆమెన్" అన్నారు.

"ఆగుండ్రి! నేనింక ఆమెన్ అనలే," అంటూ లేచి కూర్చుంది.

జయానందం గొణిగాడు. "ముగ్గురు పిల్లలైండ్రు గదనే, ఇగ దాంతోని ఏం పని?"

"నీకు గూడ ముగ్గురే గద! మరి నీదేం తీపిద్దాం?"

పాస్టరుగారు ఇరుకున పడ్డారు. ఎవరి కోసం ప్రార్థించారో ఆ మనిషే ఆమెన్ అనకపోతే అది పైదాకా పోతుందా? "టీచరమ్మ అననిదే నేను ముగించలేనయ్యా," అని చేతులు దించేశారు.

ఆమె సెలైన్ సీసా తానే పట్టుకుని నడిచి బయటికొచ్చింది. సర్కారు దవాఖానలో లేడీ డాక్టరు ఆమెనే కూర్చోబెట్టి, ఆమెనే అడిగి, మూడు వారాలకు మాత్రలు రాసింది. నొప్పి తగ్గింది.

అద్దాల ఆస్పత్రివాళ్లు మాత్రం ఊరుకుంటారా? లోపం ఎక్కడుందో వెంటనే కనిపెట్టి సరిదిద్దారు. ఇప్పుడు థియేటర్ ముందు మూడు భాషల్లో బోర్డు వేలాడుతోంది:

"ఇక్కడ పైకి ప్రార్థన చేయరాదు. పేషంట్లకు వినబడుతున్నది."