తలుపు మీద పేరు చీటీ

ఆ ఉదయం పో సిమ్ వేసుకున్న ప్రణాళిక చిన్నదే. తొమ్మిదింటికి కాగితపు ఇల్లు కాఫీ కొట్టుకు చేరాలి. పదింటికి కొట్టు తెరుస్తారు. పదకొండింటికి ఈపో నుంచి వచ్చే బస్సులో మరిది బూన్ లియోంగ్ దిగుతాడు. అతన్ని నేరుగా ఆ కొట్టు అద్దాల ముందుకు తీసుకెళ్లి, "చూడు, బతికున్నవాళ్లు కూడా నా పని అడుగుతున్నారు" అనాలి.

ఆ ఒక్క మాట మీదే ఆమె దుకాణం నిలబడి ఉంది. పినాంగ్‌లోని ఒక వీధిలో ఆమె, ఆమె భర్త ఇరవై ఏళ్లు చనిపోయినవారి కోసం కాగితపు ఇళ్లు కట్టారు. వెదురు చట్రం, దాని మీద రంగు కాగితం, లోపల మంచాలు, కుర్చీలు. కర్మ రోజున కాలిస్తే పోయినవారికి అక్కడ అందుతాయి. ఏడాది కిందట భర్త పోయాడు. అతనికీ ఒక ఇల్లు కట్టింది, మూడు రోజుల్లో. కాల్చేశాక గుర్తొచ్చింది, అందులో ఫ్యాను పెట్టలేదని. అతను ఫ్యాను లేకుండా పనికి కూర్చునేవాడు కాదు. అప్పటినుంచి ఆమె కట్టే ప్రతి ఇంటి పైకప్పుకూ ఒక ఫ్యాను ఉంటోంది. ఎందుకని ఎవరూ అడగలేదు.

"ఇప్పుడంతా ఫ్యాక్టరీ సరుకే వదినా. ఒక్కదానివి ఎంతకాలం లాగుతావు? మూసేసి మా దగ్గరికి వచ్చెయ్" అన్నాడు మరిది అప్పట్లో. "ఒక్క ఏడాది ఆగు" అంది ఆమె. ఆ ఏడాది ఇవాళ్టితో సరి.

టియోంగ్ హిన్ అనే ఆయన తన తాత నడిపిన కాఫీ కొట్టును మళ్లీ తెరుస్తూ, పాత కొట్టు నమూనా ఒకటి కిటికీలో పెట్టుకోవాలని అడిగాడు. పో సిమ్ ఆరు వారాలు కూర్చుని కట్టింది. అలంకరణకు ఎర్ర రిబ్బను తెద్దామని ఆ ఉదయం బజారుకు వెళ్లింది. అదే పొరపాటు.

దుకాణంలో ఆమె మామగారి కాలం నుంచీ, నలభై ఏళ్లుగా పనిచేస్తున్న కిమ్ సెంగ్‌ తాతకు ఒక నియమం ఉంది. ఎవరిదో పేరు రాయని ఇంటిని గడప దాటనివ్వడు. పేరు లేకపోతే దారిలో ఏ దిక్కులేని దయ్యమో ఆక్రమించుకుంటుంది. ఆయన మేకుకు వేలాడుతున్న ఆర్డరు కాగితం చూశాడు, తెల్ల చీటీ మీద "ఈ గృహం టియోంగ్ హిన్‌కు చెందుతుంది" అని రాశాడు, తలుపు మీద అతికించాడు. అలవాటు ప్రకారం చెరోపక్కా ఒక కాగితపు నౌకరును నిలబెట్టి గుడ్డ కప్పాడు. పో సిమ్ వచ్చి ఆ గుడ్డ మీదే రిబ్బను కట్టి వ్యాను ఎక్కించింది.

వ్యాను నడిపే ఆకియాట్‌, టియోంగ్ హిన్ ఒకే బడిలో చదివారు. మలుపులో గాలికి గుడ్డ లేచింది. ఎర్ర దీపం దగ్గర వెనక్కి తిరిగిన ఆకియాట్ చీటీ చదివాడు. దీపం పచ్చగా మారినా కదల్లేదు. తర్వాత భార్యకు ఫోను చేసి, ఇంటిని ఇంకా తెరవని కొట్టు ముందు దింపి వెళ్లిపోయాడు. ఆమె తెలిసినవాళ్లందరికీ, పూల దుకాణానికీ చెప్పింది. అక్కడ ప్రారంభోత్సవానికి సిద్ధం చేసిన పూల స్టాండ్లకు ఎర్ర రిబ్బన్లు తీసి చావుకు వాడే తెల్లవి కట్టారు. పూలు అవే కదా.

పదింటికి టియోంగ్ హిన్ ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాతో నవ్వుతూ గుమ్మంలోకి వచ్చాడు. ఎదురుగా నల్లబట్టల్లో ముప్పైమంది. ముందు నిలబడిన పాత స్నేహితుడు రెండడుగులు వెనక్కి వేశాడు.

"నువ్వేంటి ఇక్కడ?"

"నా కొట్టులో నేను కాక ఎవరుంటారు?"

"అదే. ఇంకా వదల్లేదన్నమాట" అన్నాడు స్నేహితుడు జాలిగా.

పో సిమ్, కిమ్ సెంగ్ వచ్చేసరికి టియోంగ్ హిన్ తన పేరు చీటీ ముందు నిలబడి ఉన్నాడు. "అక్కా, నాకు పనివాళ్లను కూడా ఇచ్చారే."

"అందరికీ ఇస్తాం నాయనా" అన్నాడు కిమ్ సెంగ్ మర్యాదగా.

ముందు బస్సే దొరికిన బూన్ లియోంగ్, వదిన కోసం అడుగుతూ అప్పుడే సంచీతో అక్కడికి చేరుకున్నాడు. తెల్ల రిబ్బన్లు చూసి సంచీ కింద పెట్టి, గుమ్మంలో ఉన్నాయనకు వంగి నమస్కరించాడు. "పోయినాయన మీకేమవుతారు?"

"నేనే" అన్నాడు టియోంగ్ హిన్. తర్వాత పో సిమ్ వైపు తిరిగాడు. "దీన్ని తీసుకెళ్లిపోండి. ఇప్పుడే."

పో సిమ్ మరిదిని చూసింది. అతను తల దించుకున్నాడు. ఆమె చీటీని గోటితో జాగ్రత్తగా ఒలిచింది, నౌకర్లను తీసి కిమ్ సెంగ్ చేతిలో పెట్టింది. "తప్పు మాదే. చీటీ తీశాను. ఇల్లు మాత్రం మీ అమ్మగారు చూశాకే తీస్తాను. ఆ పాత కొట్టులో కాపురం చేసింది ఆవిడే."

ఎనభై నాలుగేళ్ల సూ ఇమ్ అప్పటికే మెట్లు దిగుతోంది. కొడుకు చనిపోయాడన్న కబురు ఆమెకూ చేరింది కానీ, పొద్దున గంజి తిననని అతను చేసిన గొడవ గుర్తుండి నమ్మలేదు. కుర్చీ వేయించుకుని, కళ్లజోడు పెట్టుకుని, కాగితపు ఇంట్లోకి తొంగి చూసింది.

"మా మామగారి బల్ల" అంది చివరికి. "కుంటి కాలు కింద చెక్కముక్క కూడా పెట్టావే." ఇంకా వంగింది. "ఫ్యాను కూడానా. మంచిది." నిటారుగా కూర్చుంది. "నాకూ ఒకటి కట్టు."

"అమ్మా, ఏం మాటలవి?"

"నువ్వుండరా. నేను పోయాక ఏదో ఫ్యాక్టరీ డబ్బా తెచ్చి కాలుస్తావు. నా ఇల్లు నేను చూసుకోవద్దూ? అమ్మాయ్, మేడ వద్దు, నా మోకాళ్లు చూశావుగా. వంటిల్లు పెద్దదిగా ఉండాలి. మా ఆయనకు వేరే గది. ఆయన గురక అక్కడ మాత్రం తగ్గి ఉంటుందా?"

పరామర్శకు వచ్చినవాళ్లలో చాలామంది డెబ్బై దాటినవాళ్లే. ముస్తాబై వచ్చారు, ఊరికే తిరిగి వెళ్లడం వాళ్లకు ఇష్టం లేదు. కూర్చుని కాఫీలు తెప్పించుకున్నారు. ఒకావిడ తనకు పెరడు కావాలంది. ఇంకొకాయన సముద్రం వైపు కిటికీ అడిగాడు. పో సిమ్‌కు రాసుకోవడానికి కాగితం చాలకపోతే, బూన్ లియోంగ్ పూల స్టాండు మీది సంతాప కార్డు తిప్పి ఆ వెనక రాయడం మొదలుపెట్టాడు.

మూడు నెలల తర్వాత అతను మళ్లీ వచ్చాడు. దుకాణం నిండా సగం కట్టిన ఇళ్లు. తలుపుల మీద పేర్లు, అందరూ బతికున్నవాళ్లే. సూ ఇమ్ ఇల్లు నాలుగోసారి తిరిగి వచ్చి బల్ల మీద ఉంది. పడమటి ఎండ వంటింట్లో పడుతుందట. పో సిమ్ గోడ కోస్తోంది.

"వ్యాపారం బాగుందే వదినా" అన్నాడు.

"బాగానే ఉంది" అంది ఆమె తలెత్తకుండా. "పోయినవాళ్లు మాత్రం ఒక్కసారి కూడా తిప్పి పంపలేదు."