బాత్రూం గుమ్మంలో ప్రజాభిప్రాయ సేకరణ

హలో! ఆ, నేనే. వినబడుతోందా? పక్కన బస్సుల గోల ఉంటే నాలుగడుగులు అవతలికి జరగండి. తిన్నారా? తినకపోతే తింటూనే వినండి. చెప్పబోయేది బాత్రూముల గురించే అయినా, చాలా శుభ్రమైన బాత్రూములు లెండి.

ముందే తేల్చి చెప్పేస్తున్నాను. ఈ హైదరాబాదులో అసలు సిసలు ప్రజాస్వామ్యం చూడాలంటే అసెంబ్లీ దాకా పోనక్కర్లేదు. ఎల్బీ నగర్ దాటాక విజయవాడ హైవే మీద కొత్తగా వెలిసిన మహా పెట్రోల్ బంకుకు పోండి. పెట్రోలు కొట్టించుకోకండి. నేరుగా లేడీస్, జెంట్స్ అని రాసిన వైపు నడవండి. అక్కడ గుమ్మం పక్కన గోడకు మన పాలిటి వరం వేలాడుతూ ఉంటుంది!

బంకు అంటే మామూలు బంకా? ముప్పై రెండు పైపులు. వెనకాల స్టోరు ఫంక్షన్ హాలంత. అందులో పాప్‌కార్నే పద్నాలుగు రకాలు. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ పిల్లలు చల్లగా ఉందని మెటీరియల్ చంకన పెట్టుకుని వచ్చి అక్కడే చదువుకుంటున్నారు. చంపాపేట్‌లో ఒకాయన కూతురి పెళ్లిచూపులు ఆ స్టోరులోనే పెట్టాడు. సంబంధం కుదరకపోయినా బండి ట్యాంకు నిండుతుంది కదా అన్నాడు. బండే లేనివాళ్లు కూడా ఆదివారం పిల్లల్ని వెంటబెట్టుకుని బంకు చూడ్డానికి పోతున్నారు. ఇక జూపార్కు ఎందుకండీ?

ఇంత వరం ఇంటి ముందుకొస్తే వద్దనేవాళ్లు ఉంటారా? ఉన్నారు! బంకు వెనక కాలనీ సంఘానికి త్రినాథరావుగారు అధ్యక్షుడు. తణుకు నుంచి వచ్చి ఇక్కడ ఇల్లు కట్టుకుని ముప్పై ఏళ్లయింది. బ్యాంకులో రిటైరయ్యారు. ఇళ్ల పక్కన ఇంత పెట్రోలు నిలవ ఉంచితే ఎలాగని, ట్రాఫిక్‌లో కాలనీ గేటు దాటలేకపోతున్నామని ఆయన వాదన. ‘బంకు వద్దు’ అని వాట్సాప్ గ్రూపు పెట్టారు. మర్నాటికల్లా కాలనీ కుర్రాళ్లు ‘బంకు ముద్దు’ అని ఇంకొకటి పెట్టారు. తండ్రులు అందులో, కొడుకులు ఇందులో.

మరి ‘వద్దు’ గ్రూపు వాళ్లు మీటింగులు ఎక్కడ పెట్టుకునేవాళ్లు? బంకు స్టోరులోనే! కాలనీ మొత్తంలో అంత ఏసీ ఉన్న హాలు ఇంకెక్కడుంది? కాఫీ తాగుతూ, ఆ కాఫీ అమ్మేవాణ్ణే తిడుతూ గంటలు గడిపేవారు. త్రినాథరావుగారికి షుగరు. ఒక్కో మీటింగుకు రెండు మూడుసార్లు లేచి జెంట్స్ అని రాసిన వైపు వెళ్లొచ్చేవారు.

సరే, పెద్దల సంగతి పక్కన పెట్టండి. మీకు రాములమ్మను చూపించాలి.

బంకు ముందు రోడ్డు మీదే చౌటుప్పల్, సూర్యాపేట బస్సులు ఆగే బస్టాపు. ఆ నీడన జామకాయల గంపతో కూర్చునే ఆవిడే రాములమ్మ. వయసు నాకంటే ఒకటి రెండేళ్లు అటూ ఇటూ. పోచంపల్లి దగ్గర మగ్గాల ఇంట్లో పుట్టింది. మగ్గం ఆగాక పట్నం వచ్చి గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ గేటు దగ్గర కూర్చుంది. మార్కెట్‌ను అక్కణ్ణుంచి తీసేసినప్పుడు గంప నెత్తిన పెట్టుకుని ఈ బస్టాపుకు చేరింది. ఇక్కడ ఆమెకు రోజూ కొనేవాళ్లు ఏర్పడ్డారు. ఉప్పూకారం ఎవరికి ఎంత వెయ్యాలో చెప్పకుండానే తెలుసు. ఆ చోటే ఆమె ఆస్తి.

ఆమెకు ఒకటే ఇబ్బంది. పొద్దున ఇంట్లో గ్లాసుడు నీళ్లు తాగితే మళ్లీ సాయంత్రం ఇంటికి పోయాకే. ఎందుకంటే, తాగితే పోవాల్సి వస్తుంది. పోవడానికి చోటేదీ? మగవాళ్లకు గోడలన్నీ తమవే. ఆడమనిషి ఎక్కడికి పోతుంది? మూత్రంలో మంట అని దవాఖానకు పోతే, డాక్టరమ్మ నీళ్లు బాగా తాగమని రాసిచ్చింది. రాములమ్మ ఆ చీటీ మడిచి గంపలో పెట్టుకుని మళ్లీ నీళ్లు తాగకుండా కూర్చుంది.

అలాంటి మనిషి ఎదురుగా బంకు లేచింది. బంకుల్లో బాత్రూం అందరికీ ఫ్రీ, పెట్రోలు కొట్టించుకోనక్కర్లేదు. ఇది ఆమెకు తెలియదు. వారం రోజులు దూరం నుంచి చూసింది. చివరికి ఒకరోజు ఆగలేక పోయింది. లోపల ఊడుస్తున్న అమ్మాజీ అనే ఆవిడ, పిఠాపురం వైపు మనిషి, లోపలికి రమ్మని పిలిచి, తలుపు గడియ ఎలా తిప్పాలో చూపించింది. బయటికి వచ్చాక గోడకున్న మిషన్ చూపించింది.

అదేనండీ వరం! పలక అంత ఉంటుంది. దాని మీద మూడు మొహాలు. ఆకుపచ్చది నవ్వుతుంది, పసుపుది ఊరికే చూస్తుంది, ఎర్రది మూతి ముడుచుకుంటుంది. బాత్రూం ఎలా ఉందో ఆ మొహం నొక్కి చెప్పాలన్నమాట. పచ్చది నొక్కిపొమ్మంది అమ్మాజీ.

రాములమ్మ నొక్కింది. ఆ రోజు నుంచి పూటకు రెండుసార్లు పోతుంది, గడపకు దండం పెట్టినట్టు పచ్చ మొహం నొక్కి వస్తుంది. గంప పక్కన నీళ్ల సీసా చేరింది. మంట తగ్గింది. చెప్పండి, ఈ బంకు వరమా, కాదా?

ఇంతలో కంపెనీ వాళ్లు రెండో దశ అన్నారు. కార్లకు ఛార్జింగ్ పాయింట్లు పెడతారట. అందుకు ముందు వైపు ఖాళీ కావాలట. అందుకని బస్టాపును కిలోమీటరున్నర ముందుకు జరుపుతారట. అభ్యంతరాలుంటే చెప్పండని, స్టోరు మేడ మీద ఒక మీటింగు పెట్టారు. టీ, సమోసా వాళ్లవే.

త్రినాథరావుగారు నూటనలభై సంతకాలతో వచ్చారు. రాములమ్మ గంప డ్యూటీ దిగిన ఒక కండక్టరుకు అప్పగించి వచ్చి వెనక వరసలో నిలబడింది. కుర్చీలున్నా కూర్చోలేదు. మేనేజరు మురళీకృష్ణ, ఇస్త్రీ నలగని మనిషి, చిరునవ్వుతో అందరికీ నమస్కారం పెట్టి తెర మీద ఒక బొమ్మ వేశాడు. బొమ్మలో ఒక పెద్ద పచ్చ గుండ్రం. ‘స్థానికుల సంతృప్తి, నూటికి తొంభై ఎనిమిది’ అని రాసుంది. నలభై వేల పైచిలుకు మంది తమ ఇష్టం తెలియజేశారట.

త్రినాథరావుగారు లేచారు. “ఏవండీ, ఈ నలభై వేల మందినీ మీరెక్కడ అడిగారు? మా కాలనీలో ఒక్కరినీ అడగలేదే.”

“కిందే సర్, రెస్ట్‌రూం దగ్గర. ప్రతి గంటకూ రికార్డవుతుంది. సీనియర్ సిటిజన్ల వైపు నుంచి చాలా మంచి స్పందన.”

త్రినాథరావుగారు కూర్చున్నారు. తనెన్నిసార్లు పచ్చ మొహం నొక్కారో లెక్క గుర్తుకొచ్చినట్టుంది. నూటనలభై సంతకాల కాగితం మడిచి కళ్లజోడు పెట్టెలో పెట్టుకున్నారు. ఆ తర్వాత ఆయన అడిగింది కాలనీ బండ్లకు విడిగా ఒక లైను మాత్రమే. వెంటనే ఇచ్చేశారు.

అప్పుడు వెనక నుంచి రాములమ్మ గొంతు వినబడింది. “సారూ, నేను బాత్రూం మంచిగుందని ఒత్తిన. బస్టాపు తీసెయ్యిమని ఒత్తలే.”

నలుగురు నవ్వారు. మురళీకృష్ణ నవ్వలేదు, మంచివాడు. ఆనందం అంటే ఆనందమే కదమ్మా అన్నాడు.

“మరి వద్దనాలంటే ఎట్ల ఒత్తాలె?”

“ఎర్ర మొహం ఉంది కదమ్మా. మేము ఎవరినీ ఆపలేదు.”

చూశారా! ఎంత సులువో! కోర్టు లేదు, ధర్నా లేదు, అర్జీ లేదు. వేలెత్తి నొక్కితే చాలు. స్వాతంత్ర్యం వచ్చిన ఇన్నేళ్లకు ఒక పేదరాలి చేతికి ఇంత బలం ఎవరిచ్చారు?

మర్నాడు పొద్దున్నే రాములమ్మ వెళ్లి ఎర్ర మొహం నొక్కింది. మిషన్ ఊరుకోలేదు. ఎందుకని అడుగుతూ మూడు బొమ్మలు చూపించింది. ఒక ముక్కు, ఒక కుళాయి, ఒక సబ్బు. వాసనా, నీళ్లు లేవా, సబ్బు అయిపోయిందా? బస్టాపు బొమ్మ లేదు. గంప బొమ్మ అసలే లేదు. ఆమె కాసేపు ఆలోచించి కుళాయి నొక్కింది. రేపు తనను తోసేసే చోట నీళ్లు తాగే వీలుండదు కదా, ఆ లెక్కన అదే సరైన జవాబు అనుకుంది. నిజమే కదండీ?

అయిదు నిమిషాల్లో ప్లంబరు ఉరికొచ్చాడు. కుళాయిలన్నీ తిప్పి చూశాడు, అన్నిట్లోనూ నీళ్లొస్తున్నాయి. మన మున్సిపాలిటీకి పదిసార్లు ఫోను చేసినా ఇంత తొందరగా ఎవరైనా వచ్చారా?

రాములమ్మకు ధైర్యం వచ్చింది. బస్సు కోసం నిలబడ్డవాళ్లందరికీ చెప్పింది. సూర్యాపేట పోయే టీచర్లు, ఆఫీసు ఆడవాళ్లు, ఆటోవాళ్లు, అందరూ వెళ్లి ఎర్రది నొక్కి వచ్చారు. రెండు రోజుల్లో గోడ మీద ప్రజా ఉద్యమం లేచింది! రాములమ్మ మొహం చూడాలి మీరు. జామకాయ కోసి ఇస్తూ, మనోళ్లు మస్తుగ ఒత్తుతున్నరు, ఇగ ఎట్ల తీస్తరో చూద్దాం అని నాతో కూడా అంది. నేనూ వెళ్లి నొక్కాను. అబద్ధమెందుకు, ముక్కు బొమ్మ నొక్కాను.

మూడో రోజు మధ్యాహ్నం అమ్మాజీ చీపురు లేకుండా బస్టాపు దగ్గరకొచ్చింది. గంప పక్కన నేల మీదే చతికిలపడింది.

“అక్కా, ఎర్రది నొక్కమని అందరికీ చెప్పింది నువ్వేనా?”

“నీ మీద గాదు చెల్లె. బస్టాపు కోసం.”

“నాకు తెలుసక్కా. మిషన్‌కి తెలీదు కదా. దానికి ఈ బంకులో తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే.”

ఎర్రది నొక్కినప్పుడల్లా ఆ డ్యూటీలో ఉన్నవాళ్ల పేరు మీద పడుతుందట. మూడు రోజుల్లో మొత్తం ఆమె పేరు మీదే పడ్డాయి. సూపర్‌వైజరు ముక్కు పెట్టి వాసన చూసి, ఏమీ లేకపోయినా తిట్టాడట. ఈ వారం కూడా ఇలాగే ఉంటే మానేయమన్నాడట. ఇదంతా అమ్మాజీ ఏడవకుండా, జామకాయల వైపు చూస్తూ చెప్పింది.

రాములమ్మ మంచి కాయ ఒకటి ఏరి, నాలుగు ముక్కలు కోసి, ఉప్పూకారం చల్లి ఆమె చేతిలో పెట్టింది. తర్వాత కొంగు దులుపుకుని లేచింది. రోడ్డు వారగా నడిచి బంకులోకి పోయింది. ఆ రోజు ఆమెకు బాత్రూంకు పోయే పనే లేదు. గుమ్మం దగ్గర నిలబడి పచ్చ మొహం నొక్కింది. మళ్లీ నొక్కింది. బస్టాపులో ఎర్రది నొక్కినవాళ్లు ఎంతమందో గుర్తు చేసుకుంటూ ఒక్కొక్కరి పేరునా నొక్కింది. వెనక లైనులో నిలబడ్డ ఒకావిడ, అంత బాగుందా లోపల అని అడిగింది.

మంగళవారం నాడు బస్టాపు బోర్డు పీకేశారు. రాములమ్మ ఇప్పుడు కిలోమీటరున్నర అవతల ఎండలో కూర్చుంటోంది. అక్కడ బంకు లేదు, నీడ లేదు. నీళ్ల సీసా ఇంట్లోనే పెట్టి వస్తోంది. అమ్మాజీ ఉద్యోగం నిలబడింది. కంపెనీ కొత్త బొమ్మలో సంతృప్తి నూటికి తొంభై తొమ్మిదయిందని మురళీకృష్ణ చెప్పాడు.

అందుకే నేను బంకును ఏమీ అనను. నా యాభై నాలుగేళ్లలో మా రోడ్లు వెడల్పు చేశారు, మార్కెట్ ఎత్తేశారు, మెట్రో స్తంభాలు నిలబెట్టారు. ఏ ఒక్కరోజైనా, ఏ ఆఫీసరైనా, ఏ లీడరైనా మా గుమ్మంలోకి వచ్చి నీకెలా ఉంది అని అడిగాడా? మమ్మల్ని అడిగింది ఒకే ఒక్క మిషన్. అది కూడా సబ్బు గురించి అడిగింది. బస్టాపు గురించి అడగాల్సినవాళ్లకు జీతాలు ఇస్తున్నది మనమే కదా, వాళ్లెక్కడ?

సరే, బ్యాలెన్సు అయిపోతుంది, పెట్టేస్తున్నాను. ఈ సంగతి రాసి మీకు తెలిసిన అన్ని గ్రూపుల్లోకీ పంపండి. మీ కార్పొరేటరు ఉన్న గ్రూపుకు ముందు పంపండి. చదివినవాళ్లను ఏదో ఒక మాట రాయమనండి, తిట్టినా ఫరవాలేదు. బొటనవేలు బొమ్మ మాత్రం పెట్టొద్దనండి. పెడితే అందరూ ఒప్పుకున్నట్టు ఎవరో ఎక్కడో రాసుకుంటారు.