మూడో వార్డు బోను

ఆ శనివారం ఉదయం షిగెమారు గెంజో పెట్టుకున్న పని ఒక్కటే: అన్నం తినేలోపు అడవిపంది బోనులో ఎర వేసి రావడం. తపాలా కార్యాలయంలో ముప్ఫై ఎనిమిదేళ్ళు పనిచేసి విరమించాక, ఉరాసే పట్నం మూడో వార్డులో బోను లైసెన్సు సంపాదించినవాడు అతనొక్కడే. ఆ ఏడాది పందులు కొండ దిగి, ఇళ్ళ వెనక చిలగడదుంప మళ్ళను దున్నిపోతున్నాయి. ఒకటైతే బడి గేటు దాకా వచ్చి వెళ్ళింది.

ఇళ్ళ మధ్య వేట కాబట్టి పురపాలక కార్యాలయం నియమాలు గట్టిగానే పెట్టింది. తుపాకీ పేరెత్తకూడదు. ఎర బోను లోపలే ఉండాలి, అదీ ఉత్త తవుడే. బోను దగ్గరికి ఎవరు వెళ్ళినా నారింజ రంగు కోటు, టోపీ ఉండాల్సిందే. ఇలాంటివి మొత్తం పద్నాలుగు. గెంజో వాటిని అట్టల మీద అంటించి ఒకటి వంటింట్లో, ఒకటి బోనుకు వేలాడదీశాడు. వంటింటి అట్టను అతని భార్య ఫుసాయే ఆరు నెలలుగా ఒక్కసారి కూడా తలెత్తి చూడలేదు.

కొట్టంలో తవుడు బస్తాను ఎలుకలు ఖాళీ చేసేశాయి. గెంజో వంటింట్లోకి వచ్చి వెతికితే, నేల కింది అరలో చెక్క తొట్టి నిండా తవుడు కనిపించింది. తడిగా ఉంది, పుల్లగా వాసన వేస్తోంది. కాస్త పులిసిన తవుడికి పంది తొందరగా వస్తుందని శిక్షణలో చెప్పారు. 'నాకు చెప్పకుండానే సిద్ధం చేసిందే!' అని అతనికి భార్య మీద ప్రేమ పొంగింది. తవుడంతా తీసుకెళ్ళి బోనులో కుమ్మరించాడు. తిరిగి వచ్చి, ఆమెకు పని తగ్గిద్దామని తొట్టిని నాలుగుసార్లు వేణ్ణీళ్ళతో కడిగి ఎండలో బోర్లించాడు.

చేపలు కొనుక్కుని వచ్చిన ఫుసాయే ఆ తొట్టిని తిరగేసి లోపలికి చూసింది.

"ఏమండీ, ఇందులో తవుడేది?"

"బోనులో వేశాగా. భలే పులియబెట్టావు!"

"అది మా అమ్మ ఇచ్చిన తవుడండీ! పెళ్ళై వచ్చేటప్పుడు ఇచ్చింది. నలభై రెండేళ్ళు రోజూ ఈ చేత్తో కలిపాను. నువ్వు రోజూ తినే ఊరుముల్లంగి ఈ తవుట్లో పాతకపోతే ఎక్కడినుంచి వస్తోందనుకున్నావు?"

పెళ్ళయ్యాక ఆమె అతన్ని 'నువ్వు' అనడం ఇది మూడోసారి. మొదటి రెండుసార్లు ఏం జరిగిందో గెంజోకు బాగా గుర్తుంది. అందుకే పక్కకి తప్పుకున్నాడు. ఆమె తొట్టీ, గరిటే పట్టుకుని, తవుడు రంగు చలికోటులోనే వెనక వాకిలి గుండా బయల్దేరింది.

"ఫుసాయే! నారింజ కోటు వేసుకో! ఏడో నియమం!"

"నీ ఏడో నియమాన్ని తవుట్లో పాతిపెట్టి ఊరేసుకో!"

ఆమె కోటు పడకగది అలమారలో, పైఅరలో ఉంది. అది తీసుకుని వెంట వెళ్దామని గెంజో అలమారలో తల దూర్చాడు. అంతలో జేబులోని ఫోను మోగింది. బోను తలుపు పడితే అక్కడి పరికరం పంపే వార్త అది. అతనికీ, వేట సంఘం వాళ్ళకీ, పురపాలక కార్యాలయానికీ ఒకేసారి వెళ్తుంది. 'మూడో వార్డు బోను మూసుకుంది.'

గెంజో అనుకున్నాడు: పంది పడింది, ఆమె పక్కనే ఉంది. అలమారలోంచే సంఘం పెద్ద ఇషిమోటోకు ఫోను చేశాడు. ఇషిమోటోకు డెబ్బై ఎనిమిదేళ్ళు, కుడిచెవి వినపడదు.

"ఇషిమోటో గారూ! పంది... మా ఆవిడ... లోపల..."

అంతవరకే చెప్పగలిగాడు. పైఅర విరిగి ఎనిమిది పరుపులు, శీతాకాలపు రగ్గులు, ఒక కుట్టుమిషను అతని మీద పడ్డాయి. ఫోను ఎటో పోయింది.

ఇషిమోటోకు అర్థమైంది ఇది: పంది బోను తప్పించుకుని గెంజో ఇంట్లో దూరింది, లోపల ఆవిడ ఉంది. పావుగంటలో వీధి మైకులన్నీ "మూడో వార్డులో ఒక ఇంట్లోకి అడవిపంది చొరబడింది, ఎవరూ బయటికి రావద్దు" అని చెప్పడం మొదలుపెట్టాయి. ఇషిమోటో ఈటెతో వచ్చాడు. సంఘం వాళ్ళు నలుగురు వల తెచ్చారు. ఇద్దరు పోలీసులు డాళ్ళు అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. పురపాలక కార్యాలయం నుంచి నిషిగాకి మేడమ్ నియమాల పుస్తకంతో దిగింది. అందరి ఒంటి మీదా నారింజ కోట్లే.

లోపలినుంచి దబదబమని చప్పుడూ, మధ్యమధ్య ఒక మూలుగూ వస్తున్నాయి.

"పెద్దదే. నూరు కిలోలకు తగ్గదు," అన్నాడు ఇషిమోటో. "మేడమ్, ఇంటికెళ్ళి తుపాకీ తెస్తాను."

"ఇళ్ళ మధ్య తుపాకీ నిషేధం, ఇషిమోటో గారూ."

"పోనీ, గడపలో నాలుగు చిలగడదుంపలు పడేద్దాం. వాసనకి అదే వస్తుంది."

"బోను బయట ఎర నిషేధం. పైగా దుంపలు జాబితాలో లేవు."

"మరి లోపలున్న ఆవిణ్ణి ఏం చేద్దామంటారు? జాబితాలో వెతుకుదామా?"

నిషిగాకి మేడమ్ పుస్తకం పేజీ తిప్పుతుండగా తలుపు దభాలున తెరుచుకుంది. గోధుమరంగు రగ్గు ఒకటి తలమీంచి కప్పుకుని, వంగిపోయి, ఏదో బయటికి దూకింది. వల పడింది. నలుగురూ దాని మీద పడ్డారు.

"నేనురా! గెంజోని!"

వల తీసి చూస్తే అతనే. చేతిలో ఆడవాళ్ళ నారింజ కోటు ఉంది.

"మీ ఆవిడెక్కడ?" అంది నిషిగాకి మేడమ్.

"బోను దగ్గర! పందితో!"

అందరూ పెరటి దారిన పరుగెత్తారు. ముందు ఇషిమోటో. వెదురు పొదల అవతల బోను తలుపు పడి ఉంది. ఎత్తైన గడ్డి సందుల్లోంచి లోపల తవుడు రంగు వీపు ఒకటి కదిలింది. ఇషిమోటో ఈటెను ఊచల సందులో గురిపెట్టాడు.

"ఇషిమోటో అన్నయ్యగారూ, ఆ కర్ర దించండి. కంట్లో గుచ్చుకుంటుంది," అంది బోనులోంచి ఫుసాయే.

ఇషిమోటో ఈటె వదిలేసి అక్కడే నేల మీద కూలబడ్డాడు. తుపాకీ ఉండుంటే అంత దూరం నడిచేవాడిని కాదని, వెదురు పొదల దగ్గరే పేల్చేసేవాడినని, తర్వాత ఆయనే నెమ్మదిగా చెప్పాడు. అప్పుడు ఎవరూ నవ్వలేదు. బోను గడియ గెంజో చేతిలో మూడుసార్లు జారింది.

"తవుడు తీస్తుంటే వీపు తలుపు తీగకు తగిలింది," అంది ఫుసాయే బయటికి వస్తూ. తొట్టి నిండింది, అడుగున మట్టి అంటినంత మేర మాత్రం వదిలేసింది. "ఇంతసేపూ ఏం చేస్తున్నారండీ?"

"నీకోసం కోటు వెతుకుతున్నా," అన్నాడు గెంజో.

నిషిగాకి మేడమ్ కలం తీసింది. నివేదిక రాయాలి గదా.

"షిగెమారు ఫుసాయే గారు. నారింజ కోటు లేకుండా బోను దగ్గరికి వెళ్ళారు. ఏడో నియమం."

"చూశారా? నేను చెప్తూనే ఉన్నాను," అన్నాడు గెంజో. చాలాసేపటి తర్వాత అతని గొంతులో బలం వచ్చింది.

ఫుసాయే బోనుకు వేలాడుతున్న అట్టను విప్పి చేతిలోకి తీసుకుంది. "తప్పే, రాసుకోండి. ఇందులో కూర్చుని చదవడానికి ఇదొక్కటే దొరికింది మేడమ్. నాలుగుసార్లు చదివాను. నాలుగో నియమం: ఎర ఉత్త తవుడే అయ్యుండాలి. ఇందులో ఉప్పు, మిరపకాయలు, సముద్రపు నాచు, రెండు దోసకాయలు ఉన్నాయి. తొమ్మిది: ఎర వేసేటప్పుడు ఇద్దరుండాలి, ఈయన ఒక్కరే వచ్చారు. పదకొండు: తలుపు తెరిచి ఉంచితే దారి మొదట్లో హెచ్చరిక పలక పెట్టాలి. పలక మా కొట్టంలో ఉంది, చీపుర్ల వెనక."

నిషిగాకి మేడమ్ గెంజో వైపు చూసింది. అతను ఖాళీ వల వైపు చూశాడు.

"పదమూడో నియమం కూడా చెప్పమంటారా?" అంది ఫుసాయే.

"వద్దులెండి, కాగితంలో చోటు లేదు," అంది నిషిగాకి మేడమ్.

గెంజో లైసెన్సును ఏడాదిపాటు ఆపేశారు. మూడో వార్డు బోను ఖాళీగా ఉండకూడదు కాబట్టి, నియమాలు పద్నాలుగూ నోటికి వచ్చిన మనిషి కోసం కార్యాలయం ఎంతో దూరం వెతకనక్కర్లేకపోయింది. ఫుసాయే ఆ శరదృతువులో పరీక్ష రాసింది. కొత్త సంవత్సరంలోపు మూడు పందులను పట్టింది. ఇషిమోటో ఇప్పుడు ఆమెను 'గురువుగారూ' అంటాడు.

బోను దగ్గరికి వెళ్ళాలంటే గెంజో ఆమె అనుమతి అడగాలి. ఇప్పటికి రెండుసార్లు అడిగాడు, ఒకసారి దొరికింది.