ఎడమ మడ్గార్డు మీది సొట్ట

చక్రాన్ని కనిపెట్టడం మానవజాతికి పెద్ద కష్టమేమీ కాలేదు. ఆ చక్రం మొదటినుంచీ ఆ బండిదేనని రుజువు చేయడం దగ్గరే మానవజాతి నేటికీ తంటాలు పడుతోంది. ఈ లోటు తీర్చడానికి పదకొండేళ్ల కిందట హిందూపురంలో ఒక సంఘం పుట్టింది. దాని పూర్తి పేరు ‘హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంత పాతకార్ల యజమానుల సాంఘిక, విహార, పరిరక్షణ సంఘం’. (పేరు పూర్తిగా పలికేలోపు ఇంజిను వేడెక్కుతుందని సభ్యుల అనుభవం.)

సంఘంలో తొమ్మిది కార్లు, తొమ్మిదిమంది సభ్యులు, పదకొండు రిజిస్టర్లు ఉన్నాయి. అధ్యక్షుడు జయప్రకాష్ ముప్పై నాలుగేళ్లు ఏదో ప్రభుత్వ కార్యాలయంలో పనిచేసి రిటైరైనవాడు. ఇంట్లో సంతకం పెట్టమని అడిగే దిక్కులేక మనిషి చిక్కిపోతుంటే, భార్యే దగ్గరుండి ఒక పాత జీపు కొనిపించి సంఘంలో చేర్పించిందని చెప్పుకుంటారు. ఆయన వచ్చాకే తోపుడు రిజిస్టరు మొదలైంది. ఏ బండిని ఎవరు, ఎక్కడినుంచి ఎక్కడిదాకా తోశారో అందులో రాసి, తోసినవారిచేత సంతకం చేయించాలి. దారినపోయేవాళ్లు తోస్తే వాళ్ల ఆధార్ జిరాక్సు జతచేయాలి. ఈ నిబంధన వచ్చాక దారినపోయేవాళ్లు తోయడం మానేశారు. తోపుళ్లు సగానికి తగ్గాయని సంఘం వార్షిక నివేదికలో గర్వంగా రాసుకుంది.

నెలకో ఆదివారం సభ్యులు కలిసి ఉగ్గాని, బజ్జీలు తిని, ఎవరి బండి ఎందుకు రాలేదో చెప్పుకుని విడిపోతారు. అసలు పండగ ఏటా ఒకసారి జరిగే యాత్ర. హిందూపురంలో బయలుదేరి, పెనుకొండలో ఆగి రేడియేటర్లు చల్లార్చుకుని, సాయంత్రానికి ధర్మవరం చేరాలి. అందరికంటే ముందుపోయే బండికి సంఘం జెండా కడతారు. ధర్మవరంలో దానికి దండ పడుతుంది, మరునాడు పేపర్లో ఫోటో పడుతుంది.

ఆ జెండా మీదే హనుమంతు ప్రాణమంతా. హిందూపురం బజారులో స్టీలు సామాన్ల అంగడి ఆయనది. వయసు నలభై ఎనిమిది. తండ్రి చెన్నప్ప 1974లో కొన్న తెల్ల అంబాసిడర్ ఆయన దగ్గర ఉంది. చెన్నప్ప నల్లద్దాలు పెట్టుకుని స్టీరింగు ముందు కూర్చుంటే బజారంతా అంగళ్లలోంచి బయటికొచ్చి చూసేదట. ఆయన పోయి పాతికేళ్లు దాటినా ఆ నల్లద్దాలు డాష్‌బోర్డు మీద అలాగే ఉన్నాయి. నాయన బండి ఒక్కసారి అందరికంటే ముందు పోవాలని హనుమంతు కోరిక. పదకొండేళ్లుగా అది తొమ్మిదో స్థానంలో పోతోంది. (పదోది లేదు కాబట్టి.)

కారణం పాత నియమం. యాత్ర రోజున ఏ బండి ముందు స్టార్టయితే అదే ముందు. సిమెంటు వ్యాపారి నాగేంద్ర ఫియట్ తాళం తిప్పీ తిప్పకముందే గుర్రుమంటుంది. ఆయన దాన్ని చిలమత్తూరులో ఎవరిదగ్గరో కొని, లోపలన్నీ కొత్తవి వేయించి, ఏసీ కూడా పెట్టించాడు. ఫోను చార్జింగుకు సాకెట్టు సరేసరి.

“ఏమన్నా, మీ నాయన బండి ఇంకా నిద్ర లేయలేదా?” అని నాగేంద్ర ఏటా ఒకే మాట అంటాడు. ఏటా ఏడుగురు కొత్తగా నవ్వుతారు.

హనుమంతు బండికి ఇంకో చిక్కు కూడా ఉంది. దాని హ్యాండ్ బ్రేకు 1991లో పదవీ విరమణ చేసింది. అప్పటినుంచి ఆగినచోటల్లా వెనక చక్రం కింద రాయి పెట్టాలి. పెళ్లయిన ఏడాది నుంచీ ఆ రాయి హనుమంతు భార్య జయలక్ష్మి ఒళ్లో ప్రయాణం చేస్తోంది. ఇరవై మూడేళ్లలో ఆమె మూడు రాళ్లు మార్చింది గానీ, స్టీరింగు ఒక్కసారీ ముట్టలేదు. “ఇది మొండి బండి, ఆడవాళ్లకు లొంగదు” అని హనుమంతు మొదట్లోనే చెప్పేశాడు.

ఈ ఏడు హనుమంతు తెగించాడు. రెండు నెలలు అంగట్లో కూర్చుని ముప్పై ఒక్క నియమాలతో ‘అసలుతనం నియమావళి’ రాశాడు. ఇకమీదట ముందు స్టార్టయిన బండి కాదు, అసలుతనంలో ఎక్కువ మార్కులొచ్చిన బండి ముందు పోవాలి. తొమ్మిదో నియమం దానికి గుండెకాయ: బండిలో ఉన్న ప్రతిదీ భాగమే, కూర్చునే మనుషులతో సహా. మొదటి డ్రైవరే బండి నడపాలి. ఆయన జీవించి లేనిచో మాత్రమే వారసుడు నడపవచ్చు. ఆ కాలంలో అందులో ప్రయాణించినవారే ఇప్పుడూ ప్రయాణించాలి. పద్నాలుగో నియమం ప్రకారం ప్రతి సొట్టకూ చరిత్ర, బతికున్న సాక్షి ఉండాలి. ఇరవై రెండో నియమం ప్రకారం చక్రం కింద పెట్టే రాయికీ, దాన్ని మోసే మనిషికీ అసలుతనం నుంచి మినహాయింపు. (ఈ ఒక్కటీ ఏకగ్రీవంగా, చప్పట్ల మధ్య ఆమోదం పొందింది. తొమ్మిది బండ్లలో దేనికీ హ్యాండ్ బ్రేకు పనిచేయదు. అన్నీ కొత్తవి వేయించిన నాగేంద్ర కూడా దాన్ని మరిచిపోయాడు.)

జయప్రకాష్ నియమావళి చదివి కళ్లు తుడుచుకున్నాడు. రిటైరయ్యాక అంత మంచి ఫైలు ఆయన చూడలేదు.

నాగేంద్ర ఫియట్‌కు ఏసీ కింద నలభై మార్కులు, సాకెట్టు కింద అయిదు, నాగేంద్ర కింద ముప్పై పోయాయి.

“ఇదేందన్నా, నాకే మార్కులు తీస్తాండావు? నేనేమన్నా స్పేరు పార్టా?”

“రూలు తొమ్మిది చూడప్పా” అన్నాడు హనుమంతు, జీవితంలో మొదటిసారి తీరిగ్గా.

తనిఖీ ఆదివారం పొద్దున హనుమంతు ఇంటిముందు జరిగింది. అధ్యక్షుడు కుర్చీలో, ఆయన ఒళ్లో ఫైలు. పరీక్షాధికారి ఉలిగప్ప ధర్మవరంలో నలభై ఏళ్లుగా మెకానిక్కు. టార్చి, భూతద్దం, అయస్కాంతం పట్టుకొచ్చాడు. ఏదైనా తప్పు పట్టొచ్చేమోనని నాగేంద్ర కూడా వచ్చాడు. హనుమంతు తల్లి నీలావతి, డెబ్భై ఒక్కేళ్ల మనిషి, గడప దగ్గర కూర్చుని వేరుశనగ కాయలు ఒలుస్తోంది.

గంటసేపు ఉలిగప్ప బండి కింద దూరాడు, పైకెక్కాడు, వాసన చూశాడు. తలుపులు అసలువే. సీట్లు అసలువే. తుప్పు కూడా అసలుదేనని, ఈ కాలంలో అలాంటి తుప్పు రాదని మెచ్చుకున్నాడు. మిగిలింది వెనక ఎడమ మడ్గార్డు మీది సొట్ట ఒక్కటే. దాని చరిత్రను హనుమంతు ముందే ఒక పేజీన్నర రాసిచ్చాడు. 1979లో పెనుకొండ దగ్గర అడ్డదిడ్డంగా వచ్చిన లారీని చెన్నప్ప చాకచక్యంగా తప్పించినప్పుడు పడిన గుర్తు అది.

“అమ్మా, నాయన లారీని తప్పించింది వీళ్లకు చెప్పు” అన్నాడు ధీమాగా.

“యా లారీరా?” అంది నీలావతి.

“పెనుకొండలో. సొట్ట పడె సూడూ.”

“లారీ లేదు, ఏమీ లేదు. సోడా అంగడి ముందర రాతికంబం ఉంటాండె. రివర్సు తీస్తాంటే దానికి తగిలె. మీ నాయన దిగి సోడా తాగుతాండె.”

జయప్రకాష్ పెన్ను ఆగింది. “అమ్మా, ఆయన సోడా తాగుతుంటే రివర్సు తీసింది ఎవరు?”

“ఇంకెవురప్పా, నేనే.”

గడపలో వేరుశనగ కాయ ఒకటి టప్పుమని చిట్లింది. ఉలిగప్ప బండిలోంచి తల బయటపెట్టాడు.

“అదీ సంగతి! స్టీరింగుకు రెండుపక్కలా గీతలుండాయి. హనుమంతప్ప అవి వాళ్ల నాయన వాచీ గీతలని రాసిచ్చినాడు. రెండు చేతులకూ వాచీలు కట్టేవాడా ఆయప్ప అని పొద్దున్నించీ ఆలోచన చేస్తాండా. అవి గాజుల గీతలు!”

నీలావతి కాయల చేట పక్కన పెట్టి నిదానంగా చెప్పింది. “మీ నాయనకు దూరం ఆనేది కాదురా. ఆ నల్లద్దాలు ఎండకనుకుంటివా? ఊర్లో పరువుకు ఆయన కూచుంటాండె. రైలుగేటు దాటినాక బండి నిలిపి మారుతాంటిమి. తిరిగొచ్చేటప్పుడు మళ్లీ ఆడనే మారుతాంటిమి. ధర్మవరం దాకా నేనే తోలేది.”

“నేనెప్పుడూ చూళ్లేదే!”

“యాడ చూస్తావు? బండి కదిలితే సాలు, గేటు రాకముందే వెనక సీట్లో నిద్రపోతాంటివి. పెద్దయినాక హాస్టల్లో ఉంటివి.”

హనుమంతుకు ఒక్క ఆశ మిగిలింది. “ఏదో సరదాకు తోలింటుందిలే సార్” అన్నాడు. నీలావతి లేచి, కొంగు దోపుకుని, బండెక్కింది. చోకు ఇంత లాగి తాళం తిప్పింది. పదకొండేళ్లుగా తొమ్మిదిమందికి చెమటలు పట్టించిన ఇంజిను బుద్ధిగా పలికింది. స్టీరింగు పక్కనున్న గేరు కడ్డీని కాస్త ఎత్తి, అరచేతి మడమతో ఒక్క దెబ్బ వేసింది. రెండో గేరు పడింది. హనుమంతు ఆ బండికి రెండో గేరు ఊరికే బొమ్మకు గీశారనుకుని, ఇన్నాళ్లూ ఒకటి నుంచి నేరుగా మూడుకు పోతున్నాడు.

నీలావతి బండి దిగి మళ్లీ కాయల చేట ముందు కూర్చుంది. జయప్రకాష్ లెక్క కట్టాడు. ధర్మవరానికి సుమారు ఎనభై కిలోమీటర్లు. ఇంటినుంచి రైలుగేటు ఒకటిన్నర. స్వర్గీయ చెన్నప్పగారిని ‘గేటు వరకు గౌరవ డ్రైవరు’గానూ, శ్రీమతి నీలావతిగారిని మొదటి డ్రైవరుగానూ నమోదు చేశాడు.

“వారసుడిగా నేనున్నా కద సార్!”

“జీవించి లేనిచో మాత్రమే అని మీరే రాశారు. ‘మాత్రమే’ కింద గీత కూడా కొట్టారు. ఆమె జీవించి, కాయలు ఒలుస్తున్నారు.”

“అయితే లైసెన్సు చూపించమనండి!” అన్నాడు హనుమంతు, గెలిచినవాడిలా.

నీలావతి లోపలికెళ్లి, బీరువాలోంచి కార్డు తెచ్చి అధ్యక్షుడి చేతిలో పెట్టింది. ఇంకా రెండేళ్లు గడువుంది. వేలిముద్ర పడలేదంటాండారు, ఆఫీసుకు తీసుకపో నాయనా అని ఆమె అడిగినప్పుడల్లా స్కూటర్ మీద తీసుకెళ్లి, బయట టీ తాగుతూ కూర్చున్నది హనుమంతే. (ఈ దేశంలో ముసలివాళ్ల వేలిముద్ర ఎందుకని అడిగే కొడుకు ఇంకా పుట్టలేదు.)

“రేషన్ కార్డుకనుకుంటినే! నాతో ఒక్క మాట చెప్పొద్దామ్మా?”

“నువ్వడిగితివా? మీ నాయన పోయిన పదకొండో దినమే తాళాలెత్తి జేబులో ఏసుకుంటివి. ఇంట్లో ఇంకెవురికన్నా కావాలేమోనని ఒక్కసారన్నా చూస్తివా?”

హనుమంతుకు నిజంగానే సిగ్గేసింది. వాకిట్లో నిలబడిన జయలక్ష్మి వైపు చూడబోయి, చూడలేక, బండి వైపు చూశాడు. ఎంతో ఇష్టంగా తుడుచుకున్న బండి తనను గుర్తుపట్టనట్టు కనిపించింది.

“సరే సార్, మా అమ్మే తోలనీ. నేను పక్కన కూచుంటా. చిన్నప్పుడు ఈ బండిలోనే పోయినా కద.”

జయప్రకాష్ నియమావళి తిరగేశాడు. “గేటు దాటాక మెలకువగా ఉన్నారా?”

“లేదు.”

“అయితే మీరు ప్రయాణించినట్లు కాదు. రవాణా అయినట్లు. రవాణా అయినవాటిని డిక్కీలో పెట్టాలి.”

నాగేంద్రకు నవ్వాగలేదు. “డిక్కీ తలుపు అసలుదేనన్నా, గాలి బాగా వస్తాది” అన్నాడు.

“జయలక్ష్మి రాదా మరి?” అని అడిగింది నీలావతి.

“ఆమె తరువాత వచ్చిన భాగమే. కానీ రాయి ఆమె దగ్గరుంది. నియమం ఇరవై రెండు.”

“అత్తా, నేను రాయి కడిగి పెట్టుకుంటా” అని జయలక్ష్మి లోపలికి పరిగెత్తింది. ఆమె పరిగెత్తడం హనుమంతు చూసి చాలా ఏళ్లయింది.

అంబాసిడర్‌కు నూటికి తొంభై ఏడు వచ్చాయి. జెండా దానికే దక్కింది.

యాత్ర రోజున నాయన బండి పదకొండేళ్ల తరువాత అందరికంటే ముందు బయలుదేరింది. స్టీరింగు ముందు నీలావతి, పక్కన ఒళ్లో రాయితో జయలక్ష్మి. హనుమంతు బస్టాండులో ధర్మవరం బస్సెక్కాడు. కిటికీ పక్క సీటు దొరికింది. దాని అసలుతనం గురించి ఎవరూ అడగలేదు.

పెనుకొండలో ఎనిమిది కార్లు బానెట్లు తెరిచి రేడియేటర్లు చల్లార్చుకుంటున్నాయి. బస్సు పక్కనుంచి పోతుంటే హనుమంతు తల బయటపెట్టి చూశాడు. తొమ్మిదోది, తెల్లది, దూరంగా ఖాళీ జాగాలో మెల్లగా తిరుగుతోంది. స్టీరింగు ముందు ఉన్నది జయలక్ష్మి. పక్కన రాయి పట్టుకున్నది నీలావతి. జయలక్ష్మి అరచేతి మడమతో గేరు కడ్డీని ఒక్క దెబ్బ వేసింది. బండి కుదుపు లేకుండా ముందుకు పోయింది. హనుమంతు సంతోషించాలో ఏడవాలో తేల్చుకునేలోపు బస్సు మలుపు తిరిగింది.

ఆ విధంగా ఆయన అందరికంటే రెండు గంటల ముందు ధర్మవరం చేరాడు.

“పదకొండేండ్లకు ఫస్టొచ్చినావన్నా!” అన్నాడు నాగేంద్ర, తరువాత వచ్చి, ఏసీ ఆపి దిగుతూ.

నీలావతికి దండ వేశారు. ఫోటోలో జయలక్ష్మి, రాయి స్పష్టంగా పడ్డారు. ఫోటో తీసింది హనుమంతు. అందరూ టిఫిన్లకు లేచాక జయప్రకాష్ ఆయన్ను పక్కకు పిలిచి, మూడు సీళ్లు వేసిన అసలుతనం ధ్రువపత్రం చేతికిచ్చాడు. హనుమంతు చెట్టు నీడకు పోయి పైనుంచి కిందిదాకా చదువుకున్నాడు. ఇంజిను అసలుది. సొట్ట అసలుది. రెండో గేరు అసలుది. చివరి వరుస తాను రాసిన నియమావళి మాటల్లోనే ఉంది.

‘యజమాని: తరువాత బిగించినది. తీసేసినా బండి నడుస్తుంది.’